మైలుకి మూడు డాలర్లు: అమెరికా అడవుల్లో గొలుసు లాగిన సర్వేయర్ల బతుకు

మీరు రెండు విషయాలు అడిగారు. డెట్రాయిట్‌లో విమానం దిగుతుంటే కింద పొలాలు, రోడ్లు అన్నీ గళ్ళగళ్ళుగా ఎందుకు కనిపిస్తాయి అని ఒకటి, ఆ గళ్ళు గీసిన పాతకాలం సర్వేయర్ల జీవితం సినిమాల్లో చూపించినట్టు గుర్రాలు, తుపాకులేనా అని రెండోది. నేను మొదట్లో మన దగ్గర సర్వే డిపార్ట్‌మెంట్‌లో చేశాను, తర్వాత చాలా ఏళ్ళుగా మిషిగన్‌లో ఇదే పని. ఇక్కడ నా పనిలో పెద్ద భాగం ఆ పాత సర్వేయర్లు పెట్టిన హద్దు గుర్తులు వెతికి పట్టుకోవడమే, వాళ్ళ నోట్స్ రోజూ చదువుతుంటాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

వాళ్ళ బతుకు అర్థం కావాలంటే తుపాకీ వైపు కాదండీ, రేటు వైపు చూడాలి. 1785 మే 20న అమెరికా కాంగ్రెస్ చేసిన ల్యాండ్ ఆర్డినెన్స్‌లో సర్వేయర్‌కి మైలుకి రెండు డాలర్లు అని రాశారు. కొలిచే గొలుసు పట్టేవాళ్ళ కూలి, చెట్ల మీద గాట్లు పెట్టేవాళ్ళ కూలి, మిగతా ఖర్చులన్నీ ఆ రెండు డాలర్లలోనే. 1796 చట్టంలో మూడు డాలర్లకి మించకూడదు అన్నారు. అంటే ఆయన జీతగాడు కాదు, కాంట్రాక్టర్. డిప్యూటీ సర్వేయర్ అని హోదా మాత్రం ఉంటుంది, మనుషుల్ని తనే పెట్టుకోవాలి, పిండి, ఉప్పు వేసిన పంది మాంసం, బీన్స్ తనే కొనాలి, వానకి నాలుగు రోజులు టెంట్‌లో కూర్చుంటే ఆ నాలుగు రోజుల కూలి, తిండి తన జేబులోంచే పోతాయి. అడవిలో చేసిన ప్రతి పనీ, చెయ్యకుండా ఎగ్గొట్టిన ప్రతి పనీ ఈ మైలు రేటుతోనే ముడిపడి ఉంది.

మీరు చూసిన గళ్ళ సంగతి. ఆరు మైళ్ళకి ఆరు మైళ్ళు ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. 16వ సెక్షన్ బడికి. సెక్షన్‌లో నాలుగో వంతు 160 ఎకరాలు, 1862 హోమ్‌స్టెడ్ చట్టంలో ఒక కుటుంబానికి ఇచ్చింది ఆ ముక్కే. ఊళ్ళు, రోడ్లు, కౌంటీ గీతలు అన్నీ తర్వాత వీటి మీదే వచ్చాయి. మీరు రోజూ డ్రైవ్ చేసే ఎయిట్ మైల్ రోడ్డు చాలావరకు మిషిగన్ బేస్‌లైన్ మీదే ఉంది, అక్కడి నుంచే ఉత్తరానికి, దక్షిణానికి టౌన్‌షిప్పుల లెక్క మొదలవుతుంది. డెట్రాయిట్ పక్కన కాంటన్‌లో ఉండే మనవాళ్ళందరూ ఉండేది అలాంటి ఒక ఆరు మైళ్ళ గడిలోనే.

ఒక టౌన్‌షిప్‌ని లోపల సెక్షన్లుగా కొయ్యాలంటే 60 మైళ్ళ గీతలు. మూడు డాలర్ల చొప్పున 180 డాలర్లు, అంతే. పైగా ఆ 60 మైళ్ళు అరవైతో అయిపోవు. ఆగ్నేయ మూల దగ్గర 35, 36 సెక్షన్ల మధ్య మొదలుపెట్టి ఉత్తరానికి ఒక మైలు వెళ్ళి మూల పాతుతారు, అక్కణ్ణుంచి తూర్పుకి ఒక తాత్కాలిక గీత లాగుతారు, అవతల ముందే పాతి ఉన్న మూలకి ఎన్ని లింకుల (గొలుసులో వందో వంతు) తేడాతో తగిలిందో చూసుకుని, అదే మైలు వెనక్కి నడుస్తూ అసలు గీత సరిచేసి మధ్యలో క్వార్టర్ కార్నర్ (అర మైలు గుర్తు) పాతి, మళ్ళీ ఉత్తరానికి ఇంకో మైలు. ఆ తాత్కాలిక గీతకి బిల్లు ఉండదు. బురదలో రెండుసార్లు నడిస్తే ఒకసారికే డబ్బు.

ఇక కొలత. గుంటర్ గొలుసు అని 66 అడుగులది, వంద లింకులు ఉంటాయి, 80 గొలుసులైతే మైలు, పది చదరపు గొలుసులైతే ఎకరం. ఇది మనకి కొత్తేం కాదు, తెలంగాణలో గుంట అంటే 33 అడుగులకి 33 అడుగులు, అంటే అడ్డం నిలువు సరిగ్గా సగం గొలుసు. ఆంధ్రలో సెంటు అంటే వెయ్యి చదరపు లింకులు. ఇంగ్లీషువాడి గొలుసు ఒకటే అటు ఒహాయోకి వెళ్ళింది, ఇటు మన పొలాల్లోకీ వచ్చింది. అడవిలో మాత్రం 66 అడుగుల గొలుసు పొదల్లో చిక్కుకుంటుందని చాలామంది 33 అడుగుల సగం గొలుసే వాడేవాళ్ళు.

ఈ గొలుసు పట్టేవాళ్ళ గురించి ఎవరూ పెద్దగా రాయరు, నాకు అది బాధ. ముందొకడు, వెనకొకడు. ముందువాడి చేతిలో 11 ఇనప పుల్లలు. వాడు గొలుసు లాక్కుంటూ వెళ్ళి బిగించి 'స్టిక్' అని అరిచి పుల్ల గుచ్చుతాడు, వెనకవాడు తన వైపు సరిగ్గా పట్టుకుని 'స్టక్' అని అరిచి తన దగ్గరున్న పుల్ల పీక్కుంటాడు (ఎవరు ఏ మాట అనాలన్నది జట్టుని బట్టి మారేది), పుల్లలన్నీ చేతులు మారితే ఒక లెక్క. ఆ లెక్కలో ఒక్క పుల్ల తప్పిందంటే మైలు మొత్తం తప్పే. కొండ వాలులో గొలుసుని నేలకి ఆనించకూడదు, గాల్లో మట్టంగా పట్టాలి, కాబట్టి కొంచెం కొంచెంగా మెట్లు మెట్లుగా కొలవాలి. గొలుసుకి వందల చోట్ల కొక్కేలు, రింగులు, ఒక్కోటి వెంట్రుకంత అరిగినా మొత్తం మీద గొలుసు సాగిపోతుంది, అందుకే స్టాండర్డ్ గొలుసుతో మళ్ళీ మళ్ళీ పోల్చి చూసుకోవాలి. పని మొదలుపెట్టేముందు ఈ కూలీల చేత కూడా నిజాయితీగా కొలుస్తామని ప్రమాణం చేయించేవాళ్ళు, సంతకం రానివాళ్ళు ఇంటూ గుర్తు పెట్టిన కాయితాలు ఇప్పటికీ ఉన్నాయి.

మిగతా జట్టులో గొడ్డలి మనిషి, జెండా పట్టేవాడు, కొన్నిచోట్ల వంటకి, సామాన్లకి ఇంకొకడు. సర్వేయర్ కంపాస్ పెట్టి దిక్కు చూపిస్తాడు, గొడ్డలి మనిషి ఆ దారిలో పొదలు కొడతాడు, గీతకి అడ్డొచ్చిన చెట్టుకి రెండు వైపులా బెరడు చెక్కుతాడు, గీత మీద ఏ చెట్టు ఎన్ని గొలుసుల దగ్గర తగిలింది, వాగు ఎంత వెడల్పు, నేల ఫస్ట్ రేటా సెకండ్ రేటా థర్డ్ రేటా అన్నది సర్వేయర్ పుస్తకంలో రాసుకోవాలి. రాత్రి మంట పక్కన కూర్చుని ఆ నోట్స్ సరిచూసుకోవాలి. తుపాకులు పేల్చిన కథలకంటే ఈ నోట్స్‌లో నాకు కనిపించే శత్రువులు దోమలు, చలిజ్వరం, బురద.

మూల పాతడం ఒక్కటి దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే నేను బతికేది దాని మీదే. సెక్షన్ మూల దగ్గర చెక్క గుంజ పాతేవాళ్ళు, దాని అంచులకి గాట్లు, ఆ గాట్లు లెక్కపెడితే టౌన్‌షిప్ తూర్పు గట్టుకి, దక్షిణపు గట్టుకి ఎన్ని మైళ్ళో తెలుస్తుంది. గుంజ పుచ్చిపోతుంది కదా, అందుకని చుట్టూ ఉన్న చెట్లని సాక్షులుగా పెట్టేవాళ్ళు. చెట్టు మొదట్లో బెరడు తీసేసి, లోపలి తెల్లటి చెక్క మీద స్క్రైబ్ అనే చిన్న వంకర కత్తితో టౌన్‌షిప్ నంబరు, రేంజ్ (తూర్పు పడమరల వైపు లెక్కపెట్టే వరస నంబరు), సెక్షన్ చెక్కి, కింద బేరింగ్ ట్రీ అని గుర్తుగా రెండక్షరాలు వేసి, ఆ చెట్టు ఏ జాతి, ఎంత లావు, మూల నుంచి ఏ దిక్కులో ఎన్ని లింకుల దూరం అన్నది పుస్తకంలో రాసేవాళ్ళు. చెట్టు పెరుగుతూ ఆ గాయాన్ని మూసేస్తుంది. అలాంటి పాత చెట్టు దొరికితే మేము ఆ ముడత దగ్గర జాగ్రత్తగా కోసి పైచెక్క ఊడదీస్తాం, లోపల అక్షరాలు తిన్నగా ఉంటాయి, ఊడొచ్చిన చెక్క మీద అవే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చు పడి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు చేతులు వణికాయి నాకు. చెట్టు లేనిచోట నేలని పలకపారతో పొరలు పొరలుగా గీరుకుంటూ వెళ్ళాలి, గుంజ కుళ్ళిపోయినా దాని చోటు పసుపు మట్టిలో నల్లటి చదరంగా మిగులుతుంది, తొందరపడి గునపంతో ఒక్క పోటు పొడిచారా ఆ సాక్ష్యం అక్కడితో పోయినట్టే. గడ్డి మైదానాల్లో అసలు చెట్లే ఉండవు, అక్కడ గుంటలు తవ్వి మట్టి దిబ్బ పోసి, అడుగున బొగ్గో కాల్చిన గుంజో పెట్టేవాళ్ళు. బొగ్గు కుళ్ళదు.

చిత్తడి నేలలు చాలామందిని విరగ్గొట్టేశాయి. 1815లో లూసియానా కొనుగోలు భూముల్ని (ఫ్రాన్స్ దగ్గర అమెరికా కొన్నవి) కొలవడానికి ప్రాస్పెక్ట్ రాబిన్స్ అర్కన్సా నది మిసిసిపీలో కలిసే సంగమం నుంచి ఉత్తరానికి, జోసెఫ్ బ్రౌన్ సెయింట్ ఫ్రాన్సిస్ నది సంగమం నుంచి పడమరకి బయల్దేరారు, ఆ రెండు గీతలు కలిసేచోటు నడుముల్లోతు చిత్తడి అడవి. ఆ ఒక్క చోటు నుంచే అర్కన్సా, మిస్సోరి, అయోవా, నార్త్ డకోటా, ఇంకా మిన్నెసోటా, సౌత్ డకోటాలలో చాలా భాగం కొలిచారు. తర్వాత దాన్ని అందరూ మర్చిపోయారు, 1921లో కౌంటీ గీత వెతుకుతూ వెళ్ళిన సర్వేయర్లకి రాబిన్స్, బ్రౌన్ గుర్తులు పెట్టిన సాక్షి చెట్లు కనిపించాయి. అదే 1815లో మన మిషిగన్‌లో కూడా సర్వేయర్లు బురదలో, నీళ్ళలో తిరగలేక పని ఆపేశారు, వాళ్ళ మాటలు విని సర్వేయర్ జనరల్ ఎడ్వర్డ్ టిఫిన్ మిషిగన్ భూములు సేద్యానికి పనికిరావని పైకి రాశాడు, దాంతో బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో పనిచేసిన సైనికులకి ఇక్కడ ఇవ్వాల్సిన భూములు ఇల్లినాయ్, మిస్సోరి వైపు మార్చేశారు. తడిసి జ్వరాలతో ఉన్న కొద్దిమంది చెప్పిన మాట మీద ఒక రాష్ట్రంలో జనం స్థిరపడటం వెనక్కి జరిగింది. తర్వాత చాలామంది తెలివిగా చిత్తడి టౌన్‌షిప్పులని చలికాలానికి అట్టిపెట్టుకునేవాళ్ళు, నీళ్ళు గడ్డకట్టాక మంచు మీద గొలుసు లాగడానికి.

విలియం ఆస్టిన్ బర్ట్ కథ చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. మిషిగన్‌లో డిప్యూటీ సర్వేయర్, బడి చదువు పెద్దగా లేదు. ఇనప ఖనిజం ఉన్నచోట కంపాస్ ముల్లు పిచ్చిగా తిరుగుతుంది, గీత వంకరపోతుంది, గీత వంకరపోతే మళ్ళీ నడవాలి, మళ్ళీ నడిస్తే డబ్బు లేదు. దాంతో ఆయన ముల్లుతో పనిలేకుండా సూర్యుణ్ణి బట్టి నిజమైన ఉత్తరం చూపించే సోలార్ కంపాస్ తయారుచేశాడు, 1836లో పేటెంట్ వచ్చింది. మనం ఉన్నచోటి అక్షాంశం, ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకి ఎంత పైనో కిందో ఉన్న లెక్క, ఆ రెండూ పరికరం మీద పెట్టి, సూర్యకాంతి చిన్న చుక్కగా గీతల మధ్యలో పడేలా తిప్పితే దిక్కు దొరికినట్టే. 1844 సెప్టెంబర్ 19న మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలో టీల్ లేక్ దగ్గర గీత లాగుతుంటే మామూలు కంపాస్ ముల్లు ఉత్తరం వదిలేసి దాదాపు పడమరకి తిరిగింది. బర్ట్ జట్టుని చుట్టూ వెతకమన్నాడు, తలో వైపు వెళ్ళి ఇనప రాయి ముక్కలు పట్టుకొచ్చారు. మార్కెట్ రేంజ్ (Marquette, సంత కాదు లెండి, ఒక ప్రాంతం పేరు) ఇనుప గనుల చరిత్ర అక్కణ్ణుంచే మొదలైంది. సోలార్ కంపాస్ లేకపోతే ఆ రోజు గీత ముందుకి వెళ్ళేదే కాదు.

ఆయనకి దక్కింది ఏంటంటే 1851 లండన్ ఎగ్జిబిషన్‌లో మెడల్. అంతకుముందు సంవత్సరం పేటెంట్ గడువు అయిపోతుంటే రెన్యూవల్‌కి వాషింగ్టన్ వెళ్ళాడు, పరికరం చవగ్గా అందరికీ దొరకాలి, రెన్యూ చేసుకోవద్దు, ప్రభుత్వం పరిహారం ఇస్తుంది అని నచ్చజెప్పి పంపారు. 1858లో ఆయన పోయేవరకు ఆ పరిహారం రాలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

అబ్రహాం లింకన్ కూడా కొన్నాళ్ళు ఈ పని చేశాడని మీకు తెలుసో లేదో. 1833లో ఇల్లినాయ్‌లో కౌంటీ డిప్యూటీ సర్వేయర్, పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు. అప్పుల వాళ్ళు గుర్రంతో సహా కంపాస్, గొలుసు వేలం వేయిస్తే ఒక స్నేహితుడు పాడుకుని తిరిగి ఇచ్చాడు. అంత బక్క బతుకు అది.

ఇక మీరు అడిగిన తుపాకుల సంగతి, దీన్ని సాహసం కింద చెప్పడం నాకు ఇష్టం లేదు. అడవి ఖాళీగా లేదు. అక్కడ ఆదివాసీ జనం ఉన్నారు, సర్వేయర్ గొలుసు వచ్చిందంటే వెనకాలే అమ్మకం కాయితం వస్తుందని వాళ్ళకి బాగా తెలుసు. 1785 సెప్టెంబర్ 30న థామస్ హచిన్స్ ఒహాయో నది దగ్గర మొట్టమొదటి గీత మొదలుపెట్టి నాలుగు మైళ్ళు కూడా సరిగ్గా వెళ్ళకముందే దాడుల వార్త విని ఆపేశాడు. 1791లో లిటిల్ టర్టిల్, బ్లూ జాకెట్ నాయకత్వంలో ఆ ప్రాంతపు తెగలన్నీ కలిసి అమెరికా సైన్యాన్ని ఘోరంగా ఓడించాయి, 1795 గ్రీన్‌విల్ ఒప్పందం మీద వాళ్ళ చేత సంతకాలు పెట్టించాకే ఒహాయోలో గొలుసు ధైర్యంగా కదిలింది. 1838లో టెక్సాస్‌లో సుమారు పాతికమంది సర్వే జట్టులో 18 మంది చనిపోయారు. 1874 ఆగస్టులో కాన్సాస్‌లో ఆలివర్ షార్ట్ అనే సర్వేయర్, ఆయన కొడుకు, ఇంకో నలుగురు షయాన్ తెగవాళ్ళ చేతిలో పోయారు. చనిపోయిన కూలీల కోసం నాకు బాధే, కానీ ఇల్లు పోతున్నవాడు గొలుసు పట్టుకున్నవాడి మీద ఎందుకు తిరగబడ్డాడో అర్థం చేసుకోకుండా ఈ చరిత్ర చదవకూడదు. బర్ట్ జట్టుకి ఇనుము కనిపించిన మరుసటి ఏడాది జాక్సన్ అనే గనుల కంపెనీ వాళ్ళని ఆ కొండ దగ్గరికి తీసుకెళ్ళింది మార్జీ గెసిక్ అనే ఓజిబ్వే తెగ పెద్దాయన. బదులుగా వాటా ఇస్తామని కాయితం రాసిచ్చారు, ఇవ్వలేదు. ఆయన కూతురు షార్లెట్ కోర్టుకెక్కింది, 1889లో మిషిగన్ సుప్రీంకోర్టు ఆమె వైపే తీర్పు చెప్పింది.

మైలు రేటు ఇంకో పని కూడా చేసింది, దొంగ సర్వేలు. 1870లు, 80లలో కాలిఫోర్నియాలో జాన్ బెన్సన్ ముఠా ఎక్కే కష్టం లేకుండా గదిలో కూర్చుని కొండలు, వాగులు ఊహించి నోట్స్ రాసి బిల్లులు తీసుకుంది, నేల మీద వెతికితే చాలాచోట్ల మూలలే లేవు. అందరూ అలాంటివాళ్ళు కాదు, ఎక్కువ తప్పులు అలసట వల్ల వచ్చినవే. మిన్నెసోటాలో 1882లో జోసయ్య కింగ్ జట్టు ఒక సరస్సుని మ్యాప్‌లో అసలు చోటు కంటే అర మైలు పక్కకి గీసింది, దాంతో 144 ఎకరాల పైన్ అడవి కాయితం మీద నీళ్ళైపోయింది, నీళ్ళని కలప కంపెనీలు కొనవు కదా, చుట్టూ అడవంతా నరికేసినా అదొక్కటి నిలబడిపోయింది. లాస్ట్ ఫార్టీ అంటారు, వీలైతే వెళ్ళి చూడండి, ఆ చెట్ల మొదళ్ళు రెండు చేతుల కౌగిట్లో పట్టవు.

మరి ఇన్ని తప్పులుంటే ఇప్పుడు జీపీఎస్ పెట్టి సరిచెయ్యొచ్చు కదా అని ప్రతి క్లయింటూ అడుగుతాడు. కుదరదు. 1805 చట్టం ప్రకారం మొదటి సర్వేయర్ నేల మీద పాతిన మూలే అసలు మూల, నోట్స్‌లో మైలు అని రాసి ఉండి నేల మీద మైలుకి పాతిక అడుగులు తక్కువున్నా సరే. జనం ఆ గుంజని నమ్మి కొన్నారు, కంచె వేసుకున్నారు, ఇల్లు కట్టుకున్నారు. అందుకే నా పని కొలవడం కంటే ఎక్కువగా ఆయన ఎక్కడ నడిచాడో కనిపెట్టడం. మిషిగన్‌కి మొదలుపెట్టిన బిందువులే రెండున్నాయి తెలుసా, తూర్పు వైపు బేస్‌లైన్, పడమర వైపు బేస్‌లైన్ ఒకచోట కలవక 935 అడుగుల తేడాతో ఉండిపోయాయి, రెండూ చట్టబద్ధమే. పైగా భూమి గుండ్రం కాబట్టి ఉత్తరానికి వెళ్ళేకొద్దీ ఉత్తర దక్షిణ గీతలు దగ్గరవుతాయి, 40 డిగ్రీల దగ్గర ఒక టౌన్‌షిప్‌కి సుమారు 40 అడుగులు. ఆ తేడాని, కొలతల తప్పుల్ని కలిపి ప్రతి టౌన్‌షిప్‌లో ఉత్తరపు, పడమటి వరస సెక్షన్లలోకి తోసేసేవాళ్ళు, కొన్ని టౌన్‌షిప్పులకోసారి కరెక్షన్ లైన్ వేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. పల్లెటూరి రోడ్డు తిన్నగా పోతూ పోతూ ఏ కారణం లేకుండా ఒక మలుపు తిరిగి మళ్ళీ తిన్నగా పోతుంటే, మీరు చాలావరకు అలాంటి కరెక్షన్ లైన్ దాటుతున్నట్టే. స్థలం కొనేవాళ్ళకి ఒక సలహా, మీ ముక్క టౌన్‌షిప్ ఉత్తరపు అంచునో పడమటి అంచునో ఉంటే 40 ఎకరాలు అని చెప్పిన చోట నిజంగా 40 ఉందో లేదో పాత ప్లాట్ (plat, అంటే సర్వే మ్యాప్) చూసుకోండి.

మీ ఇంటి డీడ్ తీసి చూడండి, లీగల్ డిస్క్రిప్షన్‌లో టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ నంబర్లు ఉంటాయి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వెబ్‌సైట్‌లో జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డులు ఫ్రీగా ఉన్నాయి, ఆ నంబర్లు కొడితే చాలాచోట్ల పాత ప్లాట్ వస్తుంది, మీ సబ్‌డివిజన్ (ఇళ్ళ లేఅవుట్) ఉన్నచోట అప్పుడు వాగు ఉందా చిత్తడి ఉందా తెలుస్తుంది. డల్లాస్‌లో ఉండే మీ తమ్ముడికి మాత్రం ఇది దొరకదు, టెక్సాస్ తన భూముల్ని తనే ఉంచుకుంది, అక్కడ ఈ గళ్ళు లేవు, ఒక్కో భూమి ముక్కకి అబ్‌స్ట్రాక్ట్ నంబర్లు, వారా (vara) అనే స్పానిష్ కొలత, ఆ లెక్కే వేరు. మీ సెక్షన్ నంబర్ ఇక్కడ పెడితే ఆ పాత నోట్స్‌లో మీ వీధి దగ్గర ఏ చెట్టు రాసి ఉందో చూసి చెప్తాను.